మాక్ కోర్టులో మావయ్య తీర్పు

మా మావయ్యంటే నాకు పడదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. నర్సీపట్నం కోర్టులో పేరున్న వకీలు. ఆయన కారు ఆగిందంటే టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. ఆయన మా ఇంటికొస్తే మాత్రం నేను లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటాను. అమ్మ టీ పెట్టి ఇస్తుంది. నాన్న "రా, కూకో" అని, పేపరు మడత విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. మావయ్య అమ్మతోనే నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు.

దీనికి కారణం నేను ఇంటర్ చదివే రోజుల్లో జరిగిన ఒక బంద్.

నాన్న టైలర్. నర్సీపట్నం మెయిన్ రోడ్డులో చిన్న కొట్టు ఉండేది. బడులు తెరిచే నెల వచ్చిందంటే యూనిఫారాల గుడ్డలు తాన్లు తాన్లుగా కొట్టు నిండా పడి ఉండేవి, కాలు పెట్టే చోటుండేది కాదు. ఆ ఏడు సరిగ్గా ఆ రోజుల్లోనే బస్టాండు ఊరి బయటికి మార్చొద్దని గొడవ మొదలైంది. దానికి ముందు నిలబడిన కుర్ర వకీలు మా మావయ్య. బంద్ రోజున ఆయన ఆర్డీవో ఆఫీసు ముందు టెంటు వేసుకుని, మైకు పట్టుకుని కూర్చున్నాడు. ఊరంతా చూసింది. అదే సమయానికి ఆయన మనుషులు కొందరు మెయిన్ రోడ్డు మీదకి వచ్చి తెరిచి ఉన్న కొట్లన్నీ మూయించుకుంటూ మా నాన్న కొట్టు దగ్గరికొచ్చారు. నాన్న మూయనన్నాడు. పెనుగులాటలో షట్టర్ కుడి చెయ్యి మీద పడింది. మణికట్టు ఎముకలు నుజ్జయ్యాయి. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు గానీ చెయ్యి మళ్లీ తిన్నగా రాలేదు. పెద్ద కత్తెర పట్టుకోలేని టైలర్‌కి కొట్టెందుకు? మిషన్లు ఇంటికి తెచ్చేశాం. అమ్మ కుట్టేది, నాన్న ఎడం చేత్తో కొలతలు తీసి, ఎక్కడ కొయ్యాలో సుద్దతో గీసేవాడు. చేత్తో చేసే పని ఆయనకి అంతవరకే మిగిలింది.

మావయ్య మర్నాడు ఆసుపత్రికొచ్చాడు. మంచం పక్కన నిలబడి "ఎలా ఉంది బావా" అన్నాడు. అంతే. ఎవరు కొట్టారని అడగలేదు, ఎలా జరిగిందని అడగలేదు. పోలీసులొస్తే నాన్న "ఎవరో తెలీదండి, మొహాలు గుర్తు లేవు" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎప్పుడు ఆ మాట వచ్చినా అమ్మ ఒకటే చెప్పేది: "మీ మావయ్యకేటీ తెలీదే. ఆడు ఆఫీసు కాడ ఉన్నాడు. ఆళ్లు సేసింది ఆడికెలా తెలుస్తాది?"

నేను నమ్మలేదు. నమ్మలేదని ఎవరితోనూ అనలేదు కూడా. పెళ్లయ్యాక కూడా నేనూ మా ఆయనా ఊరి పక్కనే బలిఘట్టంలో, అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటున్నాం, ఉద్యోగం నర్సీపట్నంలోనే కాబట్టి. అక్కడొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను హిస్టరీ చెబుతాను.

కిందటేడు మా ప్రిన్సిపాల్‌గారికి ఒక సరదా పుట్టింది. పిల్లల చేత మాక్ కోర్టు పెట్టించాలని. ఏదైనా పాత కేసు తీసుకుని, పిల్లలే వకీళ్లుగా వాదించాలి, చివర్లో పెద్దమనిషి ఎవరైనా జడ్జీగా తీర్పు చెప్పాలి. కేసు నన్నే ఎంచుకోమన్నారు. నేను అమెరికా చరిత్ర పాఠంలోంచి ఒకటి తీశాను. నూటయాభై ఏళ్లు దాటిన సంగతి. అక్కడ అంతర్యుద్ధం ముగుస్తున్న రోజుల్లో ఒక నాటకాల నటుడు దేశాధ్యక్షుణ్ణి నాటకశాలలో వెనకనుంచి కాల్చి చంపాడు. అదే సమయానికి అతని మనిషి ఒకడు, మందు తెచ్చానని చెప్పి ఒక మంత్రి ఇంట్లో దూరి, జబ్బుతో మంచాన ఉన్న ఆ మంత్రిని కత్తితో పొడిచాడు. అడ్డం వచ్చిన కొడుకులనీ, సేవకులనీ గాయపరిచాడు. అదృష్టంకొద్దీ వాళ్లెవరూ చావలేదు. ఇంకొకడు ఉపాధ్యక్షుణ్ణి చంపాల్సినవాడు, ధైర్యం చాలక తాగి తిరిగాడు. నటుడు గుర్రమెక్కి పారిపోయి కొన్నాళ్లు అడవుల్లో దాక్కుని చివరికి సైనికుల చేతిలో చచ్చాడు. పిల్లలు వాదించాల్సిన ప్రశ్న ఇది: తన తోటివాళ్లు చేసిన దాడుల గురించి ఆ హంతకుడికి ఏం తెలుసు?

కేసు ఎంచినప్పుడు మావయ్య నా బుర్రలో ఉన్నాడా అంటే, ఉన్నాడు. దాచను. కానీ జడ్జీగా ఆయనొస్తాడని నాకు తెలీదు. ప్రిన్సిపాల్‌గారు నవ్వుతూ వచ్చి చెప్పారు, "మీ మావయ్యగారిని అడిగేశాను మేడం. వెంటనే ఒప్పుకున్నారు."

"ఇంకెవర్నైనా పిలవండి సార్" అన్నాను.

"ఎందుకు? మన ఊళ్లో ఆయన కన్నా పెద్ద వకీలు ఎవరున్నారు?"

ఏం చెప్పను? హాజరు పుస్తకం తీసుకుని క్లాసుకి వెళ్లిపోయాను.

ఆ రోజు హాలు నిండిపోయింది. స్టేజీ మీద మావయ్య నల్లకోటు వేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. హంతకుడి తరఫున ఎస్. రాయవరం నుంచి బస్సులో వచ్చే కుర్రాడు వాదించాడు. గట్టి గొంతు. ఎదటి పక్షాన ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి. కొంచెం తడబడింది గానీ చెప్పాల్సిందంతా చెప్పింది. మావయ్య ఇద్దరినీ మెచ్చుకుని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, తీర్పు మొదలెట్టాడు.

"కుట్ర ఇతనిదే. అందులో అనుమానం లేదు. కానీ మనల్ని అడిగింది అది కాదు. మంత్రి ఇంట్లో ఏం జరిగిందో ఇతనికి తెలుసా అనేది ప్రశ్న. ఆ సమయానికి ఇతను నాటకశాలలో ఉన్నాడు. వందలమంది చూశారు. అక్కడున్నవాడికి ఇంకో వీధిలో ఎవడు ఎవర్ని పొడిచాడో ఎలా తెలుస్తుంది? పంపించినంత మాత్రాన, వెళ్లినవాడు చేసిన ప్రతి పనీ పంపినవాడికి తెలిసినట్టు కాదు. సంశయ లాభం ముద్దాయికి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ చెప్పే మాటే అది. ఆఫీసు కాడ ఉన్నాడు, ఆడికెలా తెలుస్తాది. ఇన్నేళ్లూ మా వంటింట్లో విన్న మాటని ఆయన మైకులో, నా పిల్లల ముందు, చట్టంలా చదువుతున్నాడు.

లేచి నిలబడ్డాను. "జడ్జీగారూ, ఒక్క మాట."

ప్రిన్సిపాల్‌గారు కంగారుగా నా వైపు చూశారు. మావయ్య చెయ్యి ఊపి, "చెప్పమ్మా" అన్నాడు.

"మంత్రి ఇంటికి దారి చూపించడానికి ఒకడు వెళ్లాడు. లోపల కేకలు వినపడగానే వాడు గుర్రమెక్కి పారిపోయాడు. పారిపోయి ఎక్కడికెళ్లాడు? తిన్నగా హంతకుడి దగ్గరికే. ఆ రాత్రి నుంచి చివరిదాకా ఇద్దరూ కలిసే ఉన్నారు. కలిసి తిన్నారు, ఒకే పొదలో పడుకున్నారు. ఇన్ని రోజుల్లో 'అక్కడేమైంది' అని ఒక్కసారైనా అడిగి ఉండడా?"

"అడిగాడని సాక్ష్యం ఉందా?"

"లేదు."

"మరింకేం?"

"దాక్కున్న చోటికి వాళ్లకి పేపర్లు తెచ్చిచ్చారు. పేపర్ల నిండా మంత్రి సంగతే. అదీ చదవలేదా?"

"అది తర్వాత తెలియడం. జరిగాక ఊరందరికీ తెలిసినట్టే అతనికీ తెలిసింది. ఊరందర్నీ ఉరి తీస్తామా?" హాల్లో నవ్వులు. మావయ్య కూడా నవ్వాడు. "హిస్టరీ మేడంగారికి కోపం ఎక్కువ."

ఆ నవ్వుతో నాకు మిగిలిన కాస్త జంకు కూడా పోయింది.

"నిజంగా తెలియనివాడైతే అడుగుతాడు జడ్జీగారూ. ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎందుకు చేశారు అని నిలదీస్తాడు. ముందే తెలిసినవాడు అడగడు. ఆసుపత్రికొచ్చి, 'ఎలా ఉంది' అని ఒక్క మాట అనేసి వెళ్లిపోతాడు."

నవ్వులు ఆగిపోయాయి. పిల్లలకి అర్థం కాలేదు. అమెరికా కథలో ఆసుపత్రి ఎక్కడిదని మొహమొహాలు చూసుకున్నారు. మావయ్యకి అర్థమైంది. బల్ల మీది కళ్లజోడు అందుకుని పెట్టుకున్నాడు.

"అడగనంత మాత్రాన తెలిసినట్టేనా?" అన్నాడు.

"నా లెక్కలో తెలిసినట్టే."

"నువ్వు మాట్లాడుతున్నది అమెరికా గురించి కాదు."

"కాదు" అన్నాను.

ప్రిన్సిపాల్‌గారు మైకు లాక్కుని, టీ ఏర్పాట్లు కింద ఉన్నాయని ప్రకటించేశారు. మావయ్య శాలువా కప్పించుకోకుండానే మెట్లు దిగి కారెక్కాడు.

నేను ఆటోలో ఇంటికి చేరేసరికి సాయంత్రం దాటుతోంది. ఆయన కారు మా గుమ్మం ముందే ఉంది. లోపల ఆయన గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

"మూడొందలమంది పిల్లల ముందు అక్కా! నన్ను హంతకుడన్నాది నీ కూతురు! ఇదేటి పెంపకం?"

అమ్మ కుట్టుమిషన్ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. నాన్న వాలుకుర్చీలో ఉన్నాడు, చేతిలో పేపరు లేదు. నన్ను చూడగానే మావయ్య లేచి నిలబడ్డాడు.

"సెప్పు, ఇప్పుడు సెప్పు. ఏటి నా తప్పు? మైకు పట్టుకుని కూకోడం తప్పా?"

కోర్టులో ఇంగ్లీషు ముక్కలు దొర్లించే మనిషికి కోపమొస్తే చిన్నప్పటి మాటే వస్తుంది. నేనూ తగ్గలేదు.

"మీ మనుషులు నాన్న చెయ్యి విరగ్గొట్టారు. మీకు తెలీదంటారు. సరే, తెలీదు. మరి తెలిశాక ఏం చేశారు? ఒక్కణ్ణైనా పట్టుకుని అడిగారా? వాళ్లలో ఒకడు ఇప్పటికీ మీ ఆఫీసులో గుమస్తాగా ఉన్నాడు. రోజూ మీ కోటు మడతపెడతాడు."

"ఆడే కొట్టాడని నీకెవరు సెప్పారు? మీ నాన్నే పోలీసోళ్ల ముందు ఎవర్నీ గుర్తు పట్టలేదు."

"ఎందుకు గుర్తు పట్టలేదో మీకు తెలీదా?"

"నాకు తెలీదు! నాకేటీ తెలీదు! నేను ఆఫీసు కాడ ఉన్నాను!"

అప్పుడు అమ్మ అంది, తల ఎత్తకుండానే. "ఒరే, ఇంక సాల్లే. తెల్లారగట్ల నువ్వు వచ్చీసి వాకిట్లో నిలబడి సెప్పలేదేటి?"

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను.

"ఏం చెప్పాడమ్మా?"

"స్కూటర్ దిగనేలేదు. 'బావని ఈ రోజు కొట్టు తియ్యొద్దని సెప్పక్కా, మావోళ్లు ఆగరు' అన్నాడు. అనేసి బేగి ఎల్లిపోయాడు. నువ్వు నిద్రలో ఉన్నావు."

ఇన్నేళ్లుగా "మీ మావయ్యకేటీ తెలీదే" అని నాకు చెప్పిన మనిషే ఇది చెబుతోంది. నేను నాన్న వైపు తిరిగాను.

"నీకు చెప్పిందా నాన్నా?"

"సెప్పింది."

"చెప్పినా వెళ్లావా?"

"యూనిఫారాలు ఇస్తానని మాటిచ్చీసాను కదా. అయినా..." నాన్న ఆగి, మావయ్యనే చూస్తూ అన్నాడు, "ఆడు నా బామ్మర్ది. ఆడి మనుషులు అందరి కొట్ల మీదకీ ఎల్తారు గాని నా కొట్టు మీదకి రారనుకున్నాను."

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. కానీ వకీలు కదా, వెంటనే మాట అందుకున్నాడు. "అదే నేను సెప్పేది బావా. ముందే వచ్చి సెప్పాను. కాపాడదామనే కదా సెప్పాను? ఆళ్లు వస్తారని తెలుసు. షట్టర్లు దింపమన్నాను. అంతే. దింపమన్నాను గాని కొట్టమనలేదు. షట్టర్ దింపుతుంటే నీ సెయ్యి అడ్డం ఉంది. పొరపాట్న పడింది. అది నాకెలా తెలుస్తాది?"

నాన్న వంకర చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒకసారి దింపితే పొరపాటు" అన్నాడు. "సెయ్యి షట్టర్ కింద పడి నేను అరిస్తే మళ్లీ ఎత్తారు. తీసుకోమని ఎత్తారనుకున్నాను. ఇంకోడు నా సెయ్యి పట్టుకుని గడప మీద ఆనించాడు. మళ్లీ దింపారు. రెండోసారి దింపినోడు నవ్వాడు. అదీ నీకు తెలీదులే."

అమ్మ ఒక్కసారిగా లేచింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. "ఏటి? రెండుసార్లా? నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వు మీ పుట్టింటి గడప తొక్కుతావా?" అన్నాడు నాన్న.

నాకు అప్పుడు అర్థమైంది. మావయ్య ముందే హెచ్చరించాడన్న సంగతి అమ్మానాన్నలిద్దరూ కలిసి నా దగ్గర దాచారు. రెండోసారి సంగతి నాన్న ఒక్కడే అమ్మ దగ్గర దాచాడు. ఎవరికి తెలిసిన ముక్కని వాళ్లు పట్టుకుని, ఒకే ఇంట్లో, ఒకే కుండలో కూడు తింటూ బతికారు. మావయ్య చేసింది నాకు ముందే తెలిసినట్టుగా ఉంది. అమ్మ నన్ను నమ్మించబోయిన తీరు మాత్రం తట్టుకోలేకపోయాను.

మావయ్య నాన్న వైపు ముందుకు వంగాడు. "రెండోసారి సంగతి నిజంగా నాకు తెలీదు బావా. నా బిడ్డల మీద ఒట్టు."

అది నిజమే అయి ఉంటుందని నాకు అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా జాలి కలగలేదు. "తెలుసుకోవాలనుకుంటే ఆ రోజే తెలిసేది" అన్నాను. "ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి అడిగి ఉంటే నాన్న చెప్పేవాడు. మీరు అడగలేదు."

"నువ్వు నోరు ముయ్" అన్నాడు మావయ్య.

"నువ్వు లెగు" అంది అమ్మ, ఆయనతో. "లెగు. ఎల్లిపో."

తమ్ముడితో ఆమె అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయనా వినలేదనుకుంటాను. కాసేపు అక్కడే నిలబడ్డాడు, ఆమె మళ్లీ కూర్చోమంటుందని. ఆమె పడిపోయిన కుర్చీ ఎత్తి, మిషన్ ముందు వేసుకుని, ఆయనకి వీపు పెట్టి కూర్చుంది. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా మా ఇంట్లో గొడవే. నేను అమ్మని నిలదీశాను. "నాతో ఎందుకు అబద్ధం చెప్పావు?" అంటే, "నీకు మేనమామ ఒక్కడే కదే, ఆడూ లేకపోతే ఎలాగనుకున్నాను" అంది. "నాకు అక్కర్లేదని నేనెన్నిసార్లు చెప్పాను?" అని అరిచాను. ఆమె ఏడవలేదు. దారం తెంపి, కొత్త దారం ఎక్కించుకుంది. నాన్న మాత్రం అన్నం దగ్గర నన్ను కసిరాడు, "దాన్నేటీ అనకు. దాయమన్నాను నేనే" అని. ఆయన మీద కూడా నాకు కోపమే. చెయ్యి పోగొట్టుకున్నవాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత ఇబ్బందో చెప్పలేను, కానీ వచ్చింది.

కాలేజీలో ప్రిన్సిపాల్‌గారు పిలిచి, అతిథిని అవమానించానని మందలించారు. మాక్ కోర్టు బాధ్యత ఇంకొకరికి ఇచ్చేశారు. ఏజెన్సీ అమ్మాయి వరండాలో ఆపి, "మేడం, మీరు చెప్పిందే కరెక్టా, సార్ చెప్పిందా?" అని అడిగింది. "పంపించిన సంగతి అతనికి తెలుసు. లోపల ఎంత దారుణం జరిగిందో బహుశా ఆ నిమిషానికి తెలీదు. ఈ రెండూ నిజమే. నువ్వు పరీక్షలో రెండూ రాయి" అన్నాను. అంతకు మించి చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు.

మొన్న ఎండాకాలంలో దూరపు చుట్టాల పెళ్లికి ఎస్. రాయవరం వెళ్లాం. మావయ్యా వచ్చాడు. చిక్కిపోయాడు. భోజనాల దగ్గర నేనొక్కదాన్నే కూర్చుని ఉంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"గుమస్తాని తీసేశాను" అన్నాడు.

నేను తింటూనే ఉన్నాను.

"మీ అమ్మ ఫోను ఎత్తట్లేదు. నీకు సంతోషమేనా? ఇన్నేళ్లూ బాగానే ఉన్నాం. నువ్వు కెలకబట్టే కదా ఇదంతా."

ఇన్నేళ్లు తెగనిది అమ్మకి ఇప్పుడే ఎందుకు తెగిందన్నది నాకూ వింతగానే ఉండేది. తమ్ముడు ముందే చెప్పి వెళ్లాడని అమ్మకి మొదట్నుంచీ తెలుసు. ఆ తెలిసిన సంగతితోనే ఆయనకి ఇన్నేళ్లు టీ పెట్టి ఇచ్చింది. రెండోసారి షట్టర్ దించారన్న మాట విన్నాక మాత్రం ఇవ్వలేకపోయింది. ఆమె ఓర్పుకి హద్దు అక్కడుందని నాకెప్పుడూ తెలీదు.

"మీరు బాగానే ఉన్నారు మావయ్యా" అన్నాను. "మేం లేం."

ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో అమ్మ చెయ్యి కడుక్కుని అటుగా వచ్చింది. తమ్ముణ్ణి చూసింది, ఆగలేదు. నా పక్క నుంచి నడుస్తూ, "నాన్న ఆటో మాట్లాడాడు, బేగి రా" అంది. నేను విస్తరి మడిచి లేచాను.